ఎడమ చేతి వైపు సముద్రం

పెంటయ్య సముద్రతీర యాత్రకు బయలుదేరిన పొద్దున శంషాబాద్‌లో వాళ్ల గల్లీ గల్లీ అంతా వాకిట్లోకి వచ్చింది. భార్య రుక్మిణమ్మ గడప కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, సద్ది మూట కట్టింది. పాలివాళ్లు కొత్త తువ్వాల కప్పారు. ఎదురు మల్గీలో పంక్చర్లు వేసే ఘియాసుద్దీన్ పూలదండ తేవడమే కాక, దూరం పోయేవాళ్లకు తమ ఇంట్లో కట్టినట్టే పెంటయ్య జబ్బకు ఇమాం జామిన్ పట్టీ కూడా కట్టాడు. రుక్మిణమ్మ గడప దగ్గర కొబ్బరికాయ కొట్టింది. కాయ రెండు సమానమైన చెక్కలుగా పగిలింది. మంచి శకునం అన్నారు అందరూ.

ఇంత సంబరంలో ఒక్క సంగతి చెప్పడానికి మాత్రం పెంటయ్యకు నోరు పెగల్లేదు. ఆ యాత్ర అతని ఫోన్లో ఉంది.

జరిగిందేమిటంటే, పెంటయ్య కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని కూర్చుని రిటైరయ్యాడు. ఆ తర్వాత ఇంట్లో కుర్చీలో కూర్చున్నాడు. ఒంట్లో షుగరు చేరింది. దవాఖానలో డాక్టరమ్మ నడవమంది. జల్‌పల్లిలో కాపురముండే కూతురు సరిత వచ్చి అతని ఫోన్లో ఒక యాప్ వేసింది. మనిషి ఎక్కడ నడిచినా సరే, నడిచినంత మేర ఆ యాప్‌లో సముద్రం ఒడ్డు వెంట ఒక ఎర్రచుక్క కదులుతుంది. పైన ఇచ్ఛాపురంలో మొదలుపెడితే కింద తడ దాకా, ఆంధ్ర తీరమంతా.

"ఉత్తగ నడుస్తే ఇసుగొస్తది నాయినా. గిట్లయితే జర మజా ఉంటది" అని చెప్పి సరిత వెళ్లిపోయింది. వెళ్లిపోయి తల్లికి ఫోన్ చేసి, "నాయిన రేపటి సంది సముద్రం పొంటి నడుస్తడే, తడ దాక" అంది. యాప్ సంగతి చెప్పాలని ఆ పిల్లకు తోచనే లేదు. ఈ కాలం పిల్లలకు ఫోన్లో జరిగేదీ బయట జరిగేదీ ఒక్కటే.

చెప్పాల్సినవాడు పెంటయ్య. కానీ ఆ ఇంట్లో మాటలు ఎప్పుడో అడుగంటాయి. కొట్లాట ఏమీ లేదు. కొట్లాడితే కనీసం నాలుగు మాటలైనా దొర్లేవి. "బియ్యం అయిపోయినయ్" అని ఆమె అనేది, "ఆ" అని అతను అనేవాడు. సంసారం నడవడానికి అంతకు మించి అవసరం పడలేదు. తెల్లారి లేచి చూసేసరికి సద్ది మూట కట్టి ఉంది, వాకిట్లో జనం ఉన్నారు. పుట్టి బుద్ధెరిగాక తన మెడలో దండ వేసినవాళ్లు లేరు. పెళ్లిలో వేశారు కానీ అది అందరికీ వేస్తారు. కాబట్టి దండ వేయించుకుని గమ్మున నిలబడ్డాడు.

అందరూ హైవే దాకా సాగనంపారు. పెంటయ్య వాళ్లకు దండం పెట్టి, వాళ్లు కనుమరుగయ్యేదాకా నడిచి, ఎయిర్‌పోర్టు ప్రహరీగోడ పక్కన కూర్చుని సద్ది తిని, గోడ వెంట ఓపికున్నంత మేర తిరిగి, పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చాడు.

రుక్మిణమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "ఏందిది? ఏమన్న మర్చిపోయినవా?"

పెంటయ్య ఫోన్ తీసి చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె ఆ ఎర్రచుక్కను చాలాసేపు చూసింది. చుక్క ఇచ్ఛాపురం దాటి కొంచెం కిందికి దిగింది.

"అయితే నువ్వు గీడున్నవ్" అంది చుక్క మీద వేలు పెట్టి.

"ఆ."

"మరి లోపటికి ఎట్లొస్తవ్?"

"గీడ అంటే గీడ కాదే. నేను శంషాబాద్‌లనే ఉన్న గద!"

"కొబ్బరికాయ కొట్టినం. కొట్టిన కాయ మల్ల అతుకుతదా? మా మేనమామ యాదగిరిగుట్టకని ఎల్లి, అద్దాలు మర్చిపోయిండని సగం తొవ్వల కెళ్లి ఎన్కకొచ్చిండు. వారం తిరగలే, పాడిబర్రె సచ్చిపోయింది. మనింట్ల బర్రె గూడ లేదు. ఉన్నది నువ్వే."

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి.

గొడవ విని ఘియాసుద్దీన్ రోడ్డు దాటి వచ్చాడు. పెంటయ్య ఆశగా అతని వైపు చూశాడు. ఘియాసుద్దీన్ ఇద్దరి మాటా విని, గడ్డం నిమురుకుని, "భాబీ చెప్పింది సహీ మాట పెంటన్నా. నేను గూడ ఇమాం జామిన్ కట్టిన. మంజిల్ చేరేదాక అది విప్పొద్దు" అన్నాడు. అలా రెండు మతాల శాస్త్రాలూ ఒక్కమాట మీద నిలబడి పెంటయ్యను ఇంటి బయట నిలబెట్టాయి. పుణ్యానికి ఘియాసుద్దీన్ మల్గీని ఆనుకుని ఒక అర్ర ఖాళీగా ఉంది. పాత టైర్ల మధ్య మంచం వేయించి, కిరాయి మాట ఎత్తొద్దని ఒట్టు పెట్టాడు.

మంచం మీద కూర్చుంటే కిటికీలోంచి పెంటయ్యకు తన ఇల్లు కనిపిస్తుంది. రుక్మిణమ్మ ముందరి లైటు వేయడం కనిపించింది. తలుపు దగ్గరగా వేయడం కనిపించింది. ఆపైన అతని ఫోన్ మోగింది.

"చేరినవా?" అంది రుక్మిణమ్మ.

"ఏడికి?"

"పోయిన కాడికి."

పెంటయ్య చుట్టూ ఉన్న టైర్లను చూశాడు. "చేరిన."

"తిన్నవా?"

"ఘియాసన్న ఇంట్ల రొట్టెలు పంపిన్రు."

"పైలం. కొత్త ఊరు" అని ఆమె పెట్టేసింది.

పెంటయ్య ఆ ఫోన్ను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఎన్నడూ తనను తిన్నావా అని అడగలేదు. అడగాల్సిన పని లేదు. వడ్డించేదే ఆమె. ఆ మూడక్షరాలను టైర్ల మధ్య పడుకుని మళ్లీ మళ్లీ నెమరేసుకున్నాడు.

మర్నాటి నుంచి నడక మొదలైంది. ఇచ్ఛాపురం నుంచి తడకు దిగేవాడికి సముద్రం ఎడమ పక్కన ఉండాలి కాబట్టి, పెంటయ్య ఎయిర్‌పోర్టు ప్రహరీని ఎడమ పక్కన పెట్టుకుని నడిచాడు. గోడ మీద ముళ్లతీగ, గోడవతల విమానాలు. గొల్లపల్లి దిక్కు నుంచి మామిడిపల్లి దిక్కుకు పోతుంటే ఫోన్లో కొన్నాళ్లకు కళింగపట్నం వచ్చింది, ఇంకొన్నాళ్లకు భీమిలి వచ్చింది. జీపులో తిరిగే సెక్యూరిటీ జవాను ఒకడు రోజూ కనిపించే ఈ మనిషిని ఆపి, కిధర్ అని అడిగాడు.

"సముందర్ కినారే కినారే" అన్నాడు పెంటయ్య.

జవాను నాలుగు దిక్కులూ చూశాడు. తర్వాత జీపులోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చి వెళ్లాడు. ఆ చూపులో జాలి ఎక్కువో గౌరవం ఎక్కువో పెంటయ్యకు అంతుబట్టలేదు.

సాయంత్రం మంచం మీద నడుం వాల్చగానే ఫోన్ మోగేది. ఒకసారి రుక్మిణమ్మ, "సముద్రం ఎట్లున్నది?" అని అడిగింది.

పెంటయ్య సముద్రాన్ని చూసినవాడు కాదు. అబద్ధం చెప్పడం అలవాటున్నవాడూ కాదు. అందుకని ఎడమ పక్కన రోజంతా ఏం చూశాడో అదే చెప్పాడు. "మస్తు పెద్దగున్నది. అవతలి ఒడ్డు కనవడదు. సప్పుడు బగ్గ జేస్తది. ఒకటి పోంగనే ఇంకొకటొస్తది."

"మనుషులుంటరా?"

"మస్తుంటరు. పెట్టెలు గుంజుకుంట ఉర్కుతుంటరు."

"సముద్రం కాడ పెట్టెలెందుకు?"

"ఏమోనే. గంత తొందర గూడ ఎందుకో."

ఆమె నవ్వింది. రోడ్డుకు అటుపక్క నవ్విన నవ్వు ఫోన్లో ఒకసారి, కిటికీలోంచి ఒకసారి వినిపించింది. ఆపైన ఆమె తనంతట తానే చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు బడి పిల్లల్ని సముద్రం చూపించడానికి తీసుకెళ్లారట. నాట్ల టైమని నాయన తనను పంపలేదట. "మా దోస్తు ఒకామె పోయొచ్చింది. దాని లంగ అంచుకు ఉప్పు పట్టి గట్టిగైంది. ఎవరు లేంది జూసి నేను నాకి సూశ్న."

"ఎట్లుండె?"

"ఉప్పగుండె. ఇంకెట్లుంటది! నాయిన మీద కోపమొచ్చి గా పూట అన్నం తినలే."

తన భార్య కోపంతో అన్నం మానేసిన ఆడపిల్ల అని పెంటయ్యకు ఆ సాయంత్రమే తెలిసింది. మర్నాడు నడుస్తున్నంతసేపూ సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎండ వైపు చూశాడు.

అన్ని సాయంత్రాలూ సాఫీగా సాగలేదు. సముద్రం ఏ చేతి దిక్కున ఉందని ఒకనాడు అడిగి, ఎడమ చెయ్యి అని వినగానే ఆమె కస్సుమంది. "ఎడమ దిక్కు పెట్టుకొని ఎవరన్న చుట్టు తిరుగుతరా? అది సావు కాడ తిరుగుడు!"

"చుట్టు తిరుగుడేందే? నేను సీదా పోతున్న. ఒక్కపారి దాటిన ఊరికి మల్ల పోను గద."

"పొద్దుగాల గొల్లపల్లి కాడ చాయ్ తాగినవట. పదిహేను దినాల కింద గూడ తాగినవట."

"అప్పుడది కాకినాడ. ఇయ్యాల మచిలీపట్నం."

రుక్మిణమ్మ కాసేపు ఆలోచించి, అయితే సరే అంది.

వాళ్ల మేడ మీద అరుణ్‌కుమార్ అని చీరాల కుర్రాడు కిరాయికి ఉంటాడు. ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గర ఉద్యోగం. చుక్క బాపట్ల దాటిందని తెలియగానే అతను పంక్చర్ల దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు. "మా ఊరు వచ్చేస్తున్నారండీ! మా అమ్మకు చెప్పానండి. భోజనం చేయకుండా మా ఊరు దాటి వెళ్లడానికి వీల్లేదంటోందండి" అన్నాడు. మర్యాదకు అన్నదే అనుకుని పెంటయ్య సరే అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మామిడిపల్లి దగ్గర గోడ నీడలో నడుస్తుంటే ఫోన్ వచ్చింది.

"పెంటయ్యగారాండీ? నేను స్వరాజ్యాన్నండి, అరుణ్ వాళ్ల అమ్మని. ఎంతవరకు వచ్చారండీ? ఓడరేవులో ఒడ్డునే కూర్చున్నానండి, గొడుగు వేసుకుని. గుత్తివంకాయ చేశాను. చల్లారిపోతోంది."

పెంటయ్య నిలబడిపోయాడు. ఫోన్లో చూశాడు. ఎర్రచుక్క సరిగ్గా ఓడరేవు మీద ఉంది.

"అమ్మా... నేను గూడ గీడనే ఉన్న" అన్నాడు.

"ఎక్కడండీ? నాకు కనపడట్లేదే!"

"నాకు గూడ మీరు కనవడ్తలేరమ్మా."

"పచ్చ గొడుగండి."

పెంటయ్య నిజంగానే పచ్చ గొడుగు కోసం చుట్టూ చూశాడు. ఒక విమానం అతని నెత్తి మీదుగా దిగింది. అవతల ఆవిడ, అబ్బ, ఈవేళ అలలు జోరుగా ఉన్నాయండీ అంది. ఇద్దరూ ఒకే చోట నిలబడి ఒకరినొకరు వెతుక్కున్నారు. సరిత లాగే అరుణ్ కూడా యాప్ మాట ఎత్తలేదని అర్థమై, చివరికి పెంటయ్య తడబడుతూ అసలు సంగతి చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అయ్యో, అలాగాండీ" అని, ఆ అన్నం వలలు బాగుచేసుకుంటున్న వాళ్లకు పెట్టేసింది. "ఈసారి మీ ఆవిణ్ణి కూడా తీసుకురండి" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం ఈ కథ చెప్తే రుక్మిణమ్మ నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"పెద్దమనిషి అన్నం వండుకొని ఎండల కూసుంటే, తినకుండ పోతివా?"

"నేనెట్ల తింటనే? మామిడిపల్లి కాడుంటి."

"గదంత నాకు తెల్వది. విస్తరి ముందట కెళ్లి లేసిపోయినట్టయింది. గట్ల జేస్తరా ఎవరన్న?"

తీరం తరిగిపోతోంది. కొత్తపట్నం, రామాయపట్నం. తడ ఇక ఎంతో లేదు. ఘియాసుద్దీన్ అప్పుడే గల్లీలో అందరికీ చెప్పి పెట్టాడు, పెంటన్న వస్తున్నడు, బాజా పెట్టాలని. పెంటయ్యకు మాత్రం ఆ మాట వింటే గుండె జారేది. తడ వస్తే ఇల్లు వస్తుంది. ఇంట్లో కుర్చీ ఉంటుంది, కంచం ఉంటుంది, బియ్యం అయిపోతాయి. ఈ గొంతు మాత్రం ఉండదు. అందుకని నడక తగ్గించాడు. ఫోన్ను మంచం మీద వదిలేసి నడిచేవాడు, చుక్క కదలకుండా. డాక్టరమ్మకూ న్యాయం జరగాలి, తనకూ జరగాలి.

చుక్క రామాయపట్నంలో పాతుకుపోయింది. ఊళ్లో పరేషాన్ మొదలైంది. రుక్మిణమ్మ ఫోన్ చేసి, "కాళ్లు నొస్తున్నయా?" అంది.

"లే."

"షుగర్ ఎక్కువైందా?"

"లే."

"మరి ఎందుకు ఆగినవ్?"

పెంటయ్య కిటికీలోంచి చూశాడు. వాకిట్లో మెట్టు మీద ఆమె కూర్చుని ఉంది, ఫోన్ రెండు చేతులా పట్టుకుని. ఆ ఆకారాన్ని చూస్తూ చెప్పేశాడు. "తడ దాటితే ఇంటికొస్త. ఇంటికొస్తే నువ్వు ఇగ ఫోన్ జెయ్యవ్ గద."

మెట్టు మీద ఆకారం లేచింది. లోపలికి పోయింది. ముందరి లైటు ఆరిపోయింది.

మర్నాడు సాయంత్రం ఫోన్ మోగలేదు. ఆ పైరోజూ మోగలేదు. అనరాని మాట అన్నానా అని పెంటయ్య కుమిలిపోయాడు. ముసలితనంలో నీకీ ముచ్చట్లేమిటని తనను తానే తిట్టుకున్నాడు. కుమిలి కుమిలి చివరికి కోపం వచ్చింది. ఆ కోపంలో గోడ వెంట దుమ్ము రేగేలా నడిచాడు. మైపాడు, కృష్ణపట్నం, ఏదీ కంటికి ఆనలేదు. ఒక పొద్దున గొల్లపల్లి చాయ్ హోటల్ ముందు ఫోన్ గణగణ మోగి, తెర మీద పటాకులు కాలాయి. తడ వచ్చేసింది.

గల్లీవాళ్లు పెంటయ్యను బాజాలతో ఇంటికి తెచ్చారు. రుక్మిణమ్మ ఎర్రనీళ్లు దిగదుడిచి, కొబ్బరికాయ కొట్టింది. ఘియాసుద్దీన్ ఇమాం జామిన్ విప్పాడు. పెంటయ్య కుడికాలు పెట్టి సొంత ఇంట్లోకి అడుగుపెట్టాడు. కుర్చీ ఉన్నచోటే ఉంది. కుర్చీలో ఒక సంచీ ఉంది.

"అన్నం వండిన. కూర గిన్నెల ఉన్నది" అంది రుక్మిణమ్మ. ముఖం చూడకుండా అంది. ఇక అంతే, అయిపోయింది అనుకున్నాడు పెంటయ్య.

ఆమె ఆ సంచీ భుజాన వేసుకుని, అతని చేతిలో ఇంకో కొబ్బరికాయ పెట్టింది. "ఇగ ఇది నువ్వు కొట్టు."

"ఎవరికి?"

"నాకు. ఓడరేవుకు పోతున్న. అరుణ్‌కుమార్ లీవు మీద ఇంటికి పోతుండట, ఆయన ఎంబడి పోత. గా తల్లి వండిన అన్నం మనింట్ల ఎవరన్న ఒకరు తినాలె గద."

గల్లీ అంతా చూస్తోంది. కొట్టాడు. కాయ వంకరగా పగిలింది, అయినా పగిలింది. రుక్మిణమ్మ వెనక్కి చూడకుండా మేడ మెట్ల కింద నిలబడ్డ అరుణ్‌కుమార్‌తో కలిసి వెళ్లిపోయింది.

ఇల్లు చేరిన పెంటయ్య ఇంట్లో ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రమైంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాడు. మోగలేదు. కోపం తీరలేదన్నమాట అనుకుని చల్లన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు సాయంత్రం కూడా అలాగే కూర్చున్నాడు. లైటు వేయాలని లేచినప్పుడు, ఎదురుగా మల్గీ కిటికీ కనిపించింది. నిన్నటిదాకా తానున్న కిటికీ. అప్పుడు తట్టింది ఆ మొద్దు బుర్రకు. దూరం పోయినవాళ్లు ఫోన్ చేయరు. ఇంట్లో ఉన్నవాళ్లు చేయాలి. ఇన్ని రోజులూ ఆమె చేసింది అందుకే. నిన్నటి నుంచి ఆమె అక్కడ ఎదురుచూస్తోంది.

వెంటనే ఆమె నంబరు నొక్కాడు. ఒక్క మోతకే ఎత్తింది.

"చేరినవా?" అన్నాడు పెంటయ్య.

"చేరిన" అంది. "నిన్ననే చేరిన" అని కూడా అంది, కొంచెం నిష్ఠూరంగా.

"తిన్నవా?"

"తిన్న. గుత్తివంకాయ. నీ ముద్ద గూడ నేనే తిన్న."

వెనక పెద్ద హోరు. పెంటయ్యకు ఆ హోరు తెలుసు. "ఏ గేటు కాడున్నవ్? ఇమానం దిగుతున్నట్టుంది."

"ఇమానం గాదయ్య. జర ఇను."

విన్నాడు. విమానమైతే ఒకసారి మోగి వెళ్లిపోవాలి. ఇది పోయినట్టే పోయి మళ్లీ వస్తోంది.

"నువ్వు జెప్పినట్టు ఒక్క ముక్క గూడ లేదు" అంది రుక్మిణమ్మ. "పెట్టెలు గుంజుకుంట ఎవరు ఉర్కుతలేరు. కొంగు తడిసింది. నాకి సూశ్న. గదే ఉప్పు." ఆమె గొంతు మారింది. అటు ఏడుస్తోందని పెంటయ్యకు తెలిసింది. ఎదురుగా ఉన్నప్పుడు ఆమె ఏడ్చినట్టు ఎన్నడూ తెలియలేదు. కాసేపయ్యాక, అలవాటు కొద్దీ ఆమే అడిగింది. "నువ్వు ఏడిదాక వచ్చినవ్?"

పెంటయ్య గదంతా చూశాడు. కుర్చీ, కంచం, గడప. "ఇంట్లనే ఉన్న."

"గంత దూరంల ఏం జేస్తున్నవ్?" అంది రుక్మిణమ్మ.

పెంటయ్య లేచి తలుపు తీశాడు. రోడ్డుకు అటుపక్క టైరులో గాలి నింపుతున్న మనిషిని కేకేశాడు.

"ఘియాసన్నా! ఇంట్ల ఎవరు లేరు. జర వచ్చి కొబ్బరికాయ కొట్టవా?"